కొండల చరిత్రా? ఆఖరి అంకె చెప్పండి చాలు!

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా జియోకాషింగ్ మీద కోపంతో రాస్తున్నది కాదు. ఆ ఆటంటే నాకు ఇష్టమే. నా కోపమంతా అందులో "చరిత్ర పజిల్" అని ఒక జాతి ఉంది చూశారూ, దాని మీద. చరిత్ర పేరు చెప్పి, చరిత్ర చదవాల్సిన పనే లేకుండా చేసే విద్య అది. పైగా "మేం ఈ ప్రాంతం గురించి జనానికి నేర్పిస్తున్నాం" అని ఓ కాలర్ ఎగరేయడం కూడానూ!

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పౌరులు వాడుకునే జీపీఎస్ సిగ్నల్లో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది. 2000 మే మొదట్లో దాన్ని ఆపేశారు. అప్పటిదాకా ఏ వీధిలో ఉన్నామో కూడా సరిగ్గా చెప్పలేని రిసీవర్లు ఏ చెట్టు కింద ఉన్నామో చెప్పడం మొదలెట్టాయి. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి, దాని కోఆర్డినేట్లు ఇంటర్నెట్లో పెట్టాడు. ఆట మొదలైపోయింది. డబ్బా వెతకాలి, లోపలి కాగితం మీద సంతకం పెట్టాలి, ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టేసి రావాలి. ఆ డబ్బానే కాష్ అంటారు. డబ్బుల క్యాష్ కాదండోయ్, బ్రౌజర్లో మనం రోజూ క్లియర్ చేసే కాష్ :)

ఇందులో పజిల్ కాష్ అని ఒక రకం. పేజీలో ఇచ్చిన కోఆర్డినేట్లు ఉత్తుత్తివి. పజిల్ విప్పితే అసలువి వస్తాయి. మామూలుగా ఉత్తుత్తి చోటికి రెండు మైళ్ళ లోపే అసలు డబ్బా ఉండాలని రూలు. ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అసలు విషయానికొద్దాం.

కాలిఫోర్నియాలో శాక్రమెంటో నుంచి 99 హైవే మీద ఉత్తరానికి ఓ నలభై మైళ్ళు వెళ్తే యూబా సిటీ వస్తుంది. ఆ ఊరి పడమటి పక్కన, బల్లపరుపు లోయ మధ్యలో, ఎవరో తెచ్చి పడేసినట్టు ఒక గుట్టల గుంపు కనిపిస్తుంది. సట్టర్ బ్యూట్స్. అడ్డంగా కొలిస్తే సుమారు 10 మైళ్ళు, అంతే. అన్నిట్లోకీ ఎత్తయిన సౌత్ బ్యూట్ 2,122 అడుగులు. దాదాపు పదహారు లక్షల ఏళ్ళ కిందట మొదలై, పద్నాలుగు లక్షల ఏళ్ళ కిందటికి చల్లారిపోయిన అగ్నిపర్వతం తాలూకు మిగులు అది. అక్కడివాళ్ళు దీన్ని "ప్రపంచంలోకెల్లా చిన్న పర్వతశ్రేణి" అని ముద్దుగా చెప్పుకుంటారు. నిజమా కాదా అన్న వాదన నాకక్కర్లేదు. చిన్నదే, చరిత్ర మాత్రం చిన్నది కాదు. బే ఏరియా నుంచో ఫోల్సమ్ నుంచో వారాంతంలో పిల్లల్ని వేసుకుని అటు వెళ్ళే మనవాళ్ళు బోలెడంత మంది. అందుకే ఈ ఉదాహరణ తీసుకుంటున్నా.

ఈ గుట్టల మీద చరిత్ర పజిల్ ఎలా తయారవుతుందో ఎవరి పజిల్‌నో తీసుకుని చీల్చడం ఎందుకు, నేనే ఒకటి ఇక్కడికిక్కడ తయారు చేస్తా. ఏ బీ సీ డీలకి బదులు మన అక్షరాలు వాడదాం.

ఉత్తరం 39° 1క.చటత

క = జెడెడాయా స్మిత్ ఈ లోయ గుండా ఉత్తరానికి వెళ్ళిన సంవత్సరంలో మూడో అంకె.
చ = గాబ్రియేల్ మొరాగా శాక్రమెంటో లోయలోకి దండు నడిపించిన సంవత్సరంలో ఆఖరి అంకె.
ట = జాన్ సి. ఫ్రీమాంట్ ఈ గుట్టల దగ్గర మకాం వేసిన సంవత్సరంలో ఆఖరి అంకె.
త = జాన్ సట్టర్ కాలిఫోర్నియాలో అడుగుపెట్టిన సంవత్సరంలో ఆఖరి అంకె.

జవాబులు 1828, 1808, 1846, 1839. అంటే 39° 12.869. అయిపోయింది! తయారీకి అయిదు నిమిషాలు, విప్పడానికి రెండు నిమిషాలు. (రేఖాంశం కావాలనే ఇవ్వలేదు. ఆ అక్షాంశం మీద గుట్టల లోపలికి వెళ్తే చాలావరకు ప్రైవేటు పశువుల పొలాలే. ఆ సంగతి కాసేపాగి.)

ఇప్పుడు చెప్పండి, ఈ పజిల్ విప్పినవాడికి సట్టర్ బ్యూట్స్ గురించి ఏం తెలిసింది? నాలుగు పేర్లు, నాలుగు సంవత్సరాలు. మనం టెన్త్‌లో సోషల్ బిట్ బ్యాంక్ బట్టీ కొట్టాం చూడండి, అచ్చం అదే. తేడా ఏంటంటే, అప్పుడు మార్కులొచ్చేవి, ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది.

"అబ్బే, ఆటలో అంత లోతు ఎందుకండీ" అంటారా? సరే, లోతు సంగతి వదిలేసి, ఇంజనీర్లుగానే మాట్లాడుకుందాం. ఈ డిజైన్లో బగ్గులున్నాయి.

మొదటి బగ్గు, హ్యాష్ కొలిజన్. ఫ్రీమాంట్ మకాం 1846. ఆ మకాం దగ్గరికే లోయలోని అమెరికన్ సెటిలర్లు వచ్చి కలిశారు. జూన్ 14న సొనోమాలో ఎలుగుబంటి జెండా ఎగరేశారు. ఇప్పటి కాలిఫోర్నియా జెండా మీద ఉన్న ఎలుగుబంటి అక్కణ్ణుంచి వచ్చిందే. బాగుంది కదూ, వీరగాథ. అదే 1846 ఏప్రిల్లో, నది ఎగువన ఇప్పటి రెడ్డింగ్ ఊరి దగ్గర, ఇదే ఫ్రీమాంట్ దండు అక్కడి ఆదివాసుల మీద పడింది. చనిపోయినవాళ్ళ లెక్క సాక్షికో రకంగా ఉంది గానీ, అందరికన్నా తక్కువ చెప్పినవాడి లెక్క కూడా వంద దాటుతుంది. ఆ తర్వాత ఆ ఎండాకాలం మొదట్లో, ఈ గుట్టల దగ్గర మకాం ఉండగానే, నది ఒడ్డునున్న పల్లెల మీద మళ్ళీ దాడి చేశారు. వాళ్ళు తిరగబడి పంటలు తగలబెట్టబోతున్నారని వచ్చిన పుకారు దానికి కారణం.

ఇప్పుడు పజిల్ కర్తగారికి "6" కావాలి. "ఫ్రీమాంట్ మకాం వేసిన ఏడు" అని అడిగినా 6 వస్తుంది. "పల్లెల మీద దాడి చేసిన ఏడు" అని అడిగినా 6 వస్తుంది. డబ్బా అదే చెట్టు కింద దొరుకుతుంది. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా అదే ఔట్‌పుట్ వస్తున్నప్పుడు, ఏ ఇన్‌పుట్ ఎంచుకున్నారన్నది టెక్నికల్ నిర్ణయం కాదండీ. అది కర్తగారి నిర్ణయం. "ఫార్మాట్ అలా ఉంది, నేనేం చేయను" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇంకోటి చూడండి. 2003లో రాష్ట్ర ప్రభుత్వం ఈ గుట్టల్లో దాదాపు 1,800 ఎకరాలు పార్కు కోసం కొన్నది. ఆఖరి అంకె 3. 1833లో ఈ లోయలో మలేరియా మహమ్మారిలా పడింది. ఉత్తరం నుంచి వచ్చిన వేటగాళ్ళ దండులతో పాటు అది దిగిందని చరిత్రకారుల మాట. అంతకుముందు చలికాలంలో హడ్సన్స్ బే కంపెనీ మనిషి జాన్ వర్క్ దండు వరదలో ఈ గుట్టల మీద చిక్కుకుని, వందల కొద్దీ ఎల్క్ జింకల్ని వేటాడి తింది. అదే దండు ఎండాకాలంలో తిరిగొచ్చేసరికి, నిండుగా కనబడిన పల్లెల్లో శవాలూ రోగులూ మిగిలారు. ఆఖరి అంకె 3. పార్కు కొన్నా 3, ఊళ్ళు చచ్చినా 3. ఎంత సౌకర్యం!

రెండో బగ్గు ఇంకా పెద్దది. అంకె లేనిది ఈ పజిల్లో పట్టదు.

ఈ గుట్టలకి సట్టర్ పేరు నిన్నమొన్నటిది. 1929లో హోవెల్ విలియమ్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి మీద పుస్తకం రాసినప్పటికి కూడా వీటిని మేరీస్‌విల్ బ్యూట్స్ అనేవాళ్ళు. అంతకు చాలా ముందు నుంచీ మైదూ జనం హిస్తుమ్ యాని అని పిలిచేవాళ్ళు. లోయ నడుమ కొండలు అన్నది ఆ పేరుకి చెప్పే అర్థాల్లో ఒకటి. చుట్టుపక్కల తెగలకి ఇవి పవిత్రమైన కొండలు. చనిపోయినవాళ్ళ ఆత్మలు వీటి మీదుగానే పైలోకానికి పోతాయని నమ్మకం. ఓక్ గింజలు ఏరుకోవడానికి కాలాన్ని బట్టి వచ్చి పోయేవాళ్ళు. ఆ గింజలు దంచీ దంచీ బండల మీద పడిన గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే రోళ్ళు.

రోలుకి సంవత్సరం ఏముంటుందండీ? తరతరాల ఆడవాళ్ళు కూర్చుని దంచితే పడిన గుంట అది. దానికి ప్రారంభోత్సవం లేదు, శిలాఫలకం లేదు, ఆఖరి అంకె లేదు. అందుకని పజిల్లోకి రాదు. పజిల్ చరిత్ర 1808లో మొదలవుతుంది, ఎందుకంటే తేదీ వేసి డైరీ రాసుకునేవాడు అప్పుడే వచ్చాడు. వేల ఏళ్ళ కాలం ఆ డేటాబేస్‌లో నల్ వాల్యూ అన్నమాట.

మూడో బగ్గు చెప్తే నవ్వొస్తుంది. కోఆర్డినేట్‌లో ఆఖరి స్థానం, అంటే నిమిషంలో వెయ్యో వంతు, అక్షాంశం మీద 1.85 మీటర్లు. ఆ అంకె మీకు అస్సలు తెలియదనుకోండి, 0 నుంచి 9 దాకా అన్నీ కలిపినా పదిహేడు మీటర్ల గీత. ఫోన్ జీపీఎస్‌కే మామూలుగా అయిదు మీటర్ల తేడా ఉంటుంది. అంటే పై పజిల్లో 'త' ప్రశ్న చదవకపోయినా డబ్బా దొరుకుతుంది! సట్టర్ ఎవరో, ఎప్పుడొచ్చాడో తెలియకుండానే సట్టర్ గుట్టల పజిల్ అయిపోతుంది. ఏ జనం కథని తెచ్చి ఆఖరి అంకెలో పెట్టినా, దాన్ని చదవనవసరం లేదని గణితమే సర్టిఫికెట్ ఇస్తోంది.

ఇక ఈ రోజుల్లో అసలు ఏ అంకె కోసమూ చదవనవసరం లేదు. పేజీ మొత్తం కాపీ చేసి ఏఐ చాట్‌లో పడేస్తే కోఆర్డినేట్లు చేతిలో పెడుతుంది. మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒకాయన ఇలాంటిదే ఒకటి సిగ్నల్ దగ్గర కారు ఆగినంతసేపట్లో సాల్వ్ చేశాడు. "ఏం తెలుసుకున్నావ్ బాసూ" అంటే "డబ్బా రోడ్డు పక్క కంచె స్తంభం దగ్గరుంది" అన్నాడు. తప్పు ఆయనది కాదు. పజిల్ అడిగింది అంకె, ఆయన ఇచ్చింది అంకె. స్పెసిఫికేషన్ ప్రకారం డెలివరీ అయింది.

కంచె స్తంభం అంటే గుర్తొచ్చింది. డబ్బా పెట్టాలంటే స్థలం యజమాని ఒప్పుకోవాలి, ఆట రూలే అది, మంచి రూలు కూడా. గుట్టల్లో ఎక్కువ భాగం ప్రైవేటు భూమి. 2003లో కొన్న పార్కు సంగతా, కొన్నాక ఇరవై ఏళ్ళు గడిచినా జనం మామూలుగా కారేసుకుని వెళ్ళే దారి పడలేదు. స్థానిక సంస్థలు యజమానుల అనుమతితో నడిపించే గైడెడ్ హైక్‌ల్లో తప్ప లోపలికి పోలేం. 1960ల్లో ఇదే గుట్టల దగ్గర వైమానిక దళం టైటాన్ క్షిపణుల్ని భూమిలో పాతిపెట్టి, 1965కల్లా ఎత్తేసింది. క్షిపణులు వెళ్ళి వచ్చాయి గానీ, తమ పెద్దల ఆత్మలు అక్కడినుంచే పైకి వెళ్ళాయని నమ్మే మనిషి ఈరోజు కొండెక్కాలంటే ఎవరినో ఒకరిని అడగాలి. ఇంతకన్నా మంచి ప్రశ్న ఈ కొండల చరిత్రలో ఏముంది? "ఇది ఎవరిది? ఎలా వాళ్ళదయింది?" ఈ ప్రశ్నకి ఆఖరి అంకె లేదు కాబట్టి ఎవరూ అడగరు. మనం కంచె బయట నిలబడి డబ్బా తీసి, సంతకం పెట్టి, సెల్ఫీ దిగి వచ్చేస్తాం.

దీనికి వచ్చే సమాధానాలు నాకు తెలుసు.

"పజిలే లేకపోతే ఆ మాత్రం పేర్లు కూడా తెలియవు కదా!" అంటారు. తెలియకపోతే ఏదో ఒకరోజు తెలుసుకుందామని అనిపించొచ్చు. అంతా తెలిసిపోయిందనిపిస్తే ఇక ఎప్పటికీ అనిపించదు. టిక్కు పెట్టేసిన టికెట్‌ని మళ్ళీ ఎవరు తెరుస్తారు చెప్పండి? స్టేటస్ క్లోజ్డ్.

"పిల్లలతో ఆడే ఆటలో ఊచకోతలేంటండీ" అంటారు. ఇది కొంచెం ఆలోచించాల్సిన మాటే. ఆరేళ్ళ పిల్లకి 1846 ఏప్రిల్ సంగతి చెప్పమని నేననను. కానీ ఆ పిల్లకి ఫ్రీమాంట్ పేరు కూడా చెప్పక్కర్లేదుగా? రోలు చూపించండి, లోయ చూపించండి, ఇక్కడ వేల ఏళ్ళు ఎవరుండేవాళ్ళో చెప్పండి. చెడ్డ భాగం దాచిపెట్టి హీరో పేరు మాత్రం నేర్పించడం వయసుకు తగ్గ బోధన ఎలా అవుతుంది? అది మార్కెటింగ్. సట్టర్‌నే తీసుకోండి. 1839లో వచ్చాడు, దాదాపు 49 వేల ఎకరాల గ్రాంటు సంపాదించాడు, ఆదివాసుల చేత దాదాపు బానిస చాకిరీ చేయించుకున్నాడు. చాలాకాలం బళ్ళలో నేర్పింది మొదటి రెండు ముక్కలే. మూడోది బయటికి గట్టిగా వచ్చాక 2020 జూన్‌లో శాక్రమెంటోలో ఆయన విగ్రహం దిగిపోయింది. విగ్రహాన్ని దించగలిగినవాళ్ళం పజిల్లో ఒక ప్రశ్న మార్చలేమా?

"అమెరికావాడి గొడవ మనకెందుకు" అనే బ్యాచ్ కూడా ఉంటుంది. మనకే కావాలి బాబూ, ఈ జబ్బు మనకి పుట్టుకతో ఉంది. అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసిందెప్పుడు? 1922. బిట్టు, ఒక మార్కు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యంలో పోడు చేసుకునేవాడి బతుకు ఏమైంది? ఎస్సే ప్రశ్న, ఛాయిస్‌లో వదిలేశాం. కొండల చరిత్రని ఒక పేరుకీ ఒక సంవత్సరానికీ కుదించడంలో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు. రేపు మన్యంలోనో, కొండవీడు మీదో ఇలాంటి పజిల్ పెట్టేది మనమే. అప్పుడు ఏం అడుగుతామో ఇప్పుడే ఆలోచించుకుంటే మంచిది కదా?

తిట్టడం సులువు, చేసి చూపించు అంటారా? అలాగే.

ఇదిగో ఒక డిజైన్. సంవత్సరాలు అడగకండి, క్రమం అడగండి. నాలుగు ముక్కలు ఇవ్వండి, తేదీల్లేకుండా: లోయలో ఊళ్ళు జ్వరంతో ఖాళీ అవడం, సట్టర్‌కి అంత భూమి దక్కడం, వేటగాళ్ళ దండు గుట్టల మీద వరదలో చిక్కుకోవడం, ఫ్రీమాంట్ మకాం దగ్గరికి సెటిలర్లు చేరడం. ఏది ముందు జరిగినందువల్ల ఏది సాధ్యమైందో పేర్చమనండి. దండు, జ్వరం, భూమి, మకాం. ఆ వరుసే మీ అంకెలు. ఇది పేర్చేటప్పుడు ఒక్క క్షణమైనా "ఓహో, ఊళ్ళు ముందే ఖాళీ అయ్యాయా! అందుకా సట్టర్‌కి అంత తేలిగ్గా దొరికింది!" అని బుర్రలో బల్బు వెలుగుతుంది. ఏఐకి ఇస్తే అదీ చెప్పేస్తుంది, నిజమే. కానీ చదివిన మనిషికైనా ఏదో ఒకటి మిగులుతుంది. ఇప్పటి డిజైన్లో చదివినవాడికీ చదవనివాడికీ మిగిలేది ఒకటే అంకె.

ఇంకా మంచి దారి ఆటలోనే ఉంది. అమెరికా భూగర్భ శాస్త్ర సంఘం సాయంతో 2004లో ఎర్త్‌కాష్ అనే రకం మొదలైంది. డబ్బా ఉండదు. చోటికి వెళ్ళి, రాతినో పొరనో చూసి, నువ్వు చూసింది నీ మాటల్లో రాసి కర్తకి పంపాలి. రాళ్ళ చరిత్రకి మాటల్లో జవాబు అడగొచ్చని వీళ్ళకి ఇరవై ఏళ్ళ కిందటే తోచింది. మనుషుల చరిత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆఖరి అంకె చాలట! రాయికున్న మర్యాద మనిషికి లేదా?

కాబట్టి పజిల్ పెట్టేవాళ్ళకి నాదొకటే టెస్ట్ కేస్. మీ పేజీలోంచి కథంతా డిలీట్ చేసి, ప్రశ్నలు మాత్రం ఉంచండి. అయినా పజిల్ విడిపోతోందా? అయితే మీరు పెట్టింది చరిత్ర పజిల్ కాదు, చరిత్ర బొమ్మ అతికించిన నంబర్ లాక్. పేరు మార్చుకోండి, నాకే అభ్యంతరమూ లేదు.

విప్పేవాళ్ళకి కూడా ఒక మాట. ఈసారి యూబా సిటీ వైపు వెళ్తే, డబ్బా దొరికాక వెంటనే కారెక్కకండి. కంచె ఇవతలే నిలబడి ఓ పది నిమిషాలు ఆ గుట్టల్ని చూడండి. పిల్లలు "ఇవి ఎవరివి నాన్నా?" అని అడిగితే, చప్పున సట్టర్ పేరు మాత్రం చెప్పకండి.